సముద్రం బరువు చూడదు, జాగా చూస్తది

సర్వే చేసే పిల్లగాడు టేపు పట్టి బీరువా పొడుగు, వెడల్పు, ఎత్తు కొలుస్తున్నాడు. మా నాయిన గోడకు ఆనుకుని చూస్తున్నాడు. కొలతలు ఫోన్‌లో ఎక్కించుకుని ఆ పిల్లగాడు పక్కకు జరగ్గానే నాయిన అడిగాడు:

"బరువెంతో రాసుకోవా బిడ్డా?"

"బరువు మాకు అక్కర్లేదు పెద్దాయనా. ఎంత జాగా ఆక్రమిస్తదో అదే లెక్క."

నాయినకు ఆ మాట మింగుడుపడలేదు. ఇరవై ఆరేండ్లు మేడ్చల్ గోదాముల్లో హమాలీ పని చేసిన మనిషి. బస్తాను చూసి కిలోలు చెప్తాడు. బీరువాను చూసి "ఇది నలుగురు మోసేది", ఫ్రిజ్‌ను చూసి "ముగ్గురు, మెట్లుంటే నలుగురు" అంటాడు. బతుకంతా బరువుతోనే కొలిచిండు. ఇప్పుడు కొడుకు ఇంటి సామాను కొలవడానికి వచ్చినోడు బరువు అక్కర్లేదంటుంటే, నాకు వినబడేటట్టు మెల్లగా అన్నాడు: "మరి మోసేటోనికి ఎట్ల తెలుస్తది?"

మా తమ్ముడు, మరదలు, నాలుగేండ్ల మేనకోడలు మెల్‌బోర్న్ పోయారు. మరదలు నర్సు. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం ఆమెదే. తమ్ముడు జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసి మానేశాడు. శామీర్‌పేటలో వాళ్ళు కిరాయికి ఉన్న రెండు గదుల ఫ్లాటును ఓడ ఎక్కించే లెక్కలన్నీ నా మీద పడ్డాయి. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, క్యూబిక్ ఫీట్ల గురించి నాకేం తెలుసు? తెలుసుకున్నాను. పోయిన నెల నా విద్యార్థులు ఇద్దరు విదేశీ చదువుకు పోతూ "సామాను ఎట్లా మేడమ్" అని అడిగారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే మన ఇండ్లలో ఈ లెక్క చెప్పే మేనమామలు, బాబాయిలు ఉండరు. అవతలివాళ్ళకు మూడు తరాలుగా ఉన్నారు.

*

మా మొదటి వలస 1996లో. తూప్రాన్ అవతలి ఊరు నుంచి మేడ్చల్‌కు. అప్పుడది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44 అంటున్నాం. ఇటుకలు దింపి ఖాళీగా వస్తున్న ట్రాలీలో ఎక్కాం. సామాను ఏంటంటే: రెండు సత్తు గిన్నెలు, ఒక ఇత్తడి చెంబు, ఒక రోలు, రెండు బొంతలు, ఒక ట్రంకు పెట్టె, తాత డప్పు. ట్రాలీలో సగం ఖాళీగానే ఉంది. ఆ సగంలో నేనూ తమ్ముడూ పడుకుని వచ్చాం. నాకు ఎనిమిదేండ్లు. రవాణా ఖర్చు నలభై రూపాయలని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అదే మా కుటుంబం మొదటి షిప్పింగ్ బడ్జెట్.

సామాను లేకుండా సముద్రాలు దాటినవాళ్ళు మనకంటే ముందు చాలామంది ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి పోయినందుకు తెలుగువాళ్ళను మారిషస్‌లో, బర్మాలో కోరంగీలు అన్నారు. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి ట్రురో అనే ఓడ కూలీలను దర్బన్‌లో దించింది. ఒప్పంద కూలీగా పోయిన మనిషికి సామాను చిట్టా ఉండదు, ఎందుకంటే ఓడ లెక్కల్లో తనే ఒక సామాను. క్లాసులో జాషువా 1941లో రాసిన 'గబ్బిలం' చెప్పినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది. తంజావూరు అరుంధతీ సుతుడు కాశీకి గబ్బిలాన్ని పంపాడు. పంపడానికి అతని దగ్గర ఉన్నది గోడు ఒక్కటే. గోడుకు కిరాయి లేదు.

తమ్ముడి తరానికి వచ్చేసరికి ఇంట్లో 410 క్యూబిక్ ఫీట్ల సామాను చేరింది. సర్వే పిల్లగాడు ఆ అంకె చెప్పినప్పుడు, నిజం చెప్తున్నా, నాకు లోపల ఒక గర్వం కలిగింది. ధర వినగానే అది దిగిపోయింది. అయిదు లక్షల నలభై వేలు.

*

ముందు సూత్రం చెప్తాను. ఓడలో ఇంటి సామానుకు ఘనపరిమాణమే ధర. కోతమిషన్ దగ్గర టేకు కర్రను సీఎఫ్టీ లెక్కన కొన్నట్టే. 35.3 క్యూబిక్ ఫీట్లు ఒక క్యూబిక్ మీటరు. ఒక క్యూబిక్ మీటరులో టన్ను దాటనంతవరకు సాధారణంగా బరువు ఊసే ఎత్తరు. మొత్తం కంటెయినర్ మనకే అక్కర్లేనప్పుడు నలుగురి సామానుతో కలిపి పంపుతారు. అందుకే అది నిండేదాకా ఆగాలి, చేరడానికి రెండు మూడు నెలలు పట్టాలి.

విమానానిది వేరే న్యాయం. అది బరువు చూస్తుంది, జాగా కూడా చూస్తుంది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటుంది. చాలా కొరియర్ కంపెనీలు పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తును సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 60, 45, 45 సెంటీమీటర్ల పెట్టె అంటే 24.3 కిలోలు. లోపల మీ అమ్మ కుట్టిన బొంత, రెండు దిండ్లు కలిపి తొమ్మిది కిలోలే ఉన్నా 24.3 కిలోల డబ్బు కట్టాల్సిందే. దూది బొంత కొరియర్‌లో బంగారం. అదే ఓడలో రాతిరోలు దాదాపు ఉత్తపుణ్యానికి పోతుంది.

ఇది వినగానే నాయిన మొహం వెలిగింది. "అయితే బరువున్నయి, చిన్నయి ఓడకు. తేలికున్నయి, పెద్దయి ఇక్కడనే అమ్ముడు. గంతేనా?" అన్నాడు. అంతే. మూడు రోజులు నేను కాగితం మీద గీసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

సోఫా, మంచం, పరుపు, ఫ్రిజ్, బీరువా పక్కన పెట్టేస్తే 150 క్యూబిక్ ఫీట్లకు దిగింది. మూడు కంపెనీలను అడిగాం. మొదటివాళ్ళు 1,18,000 అన్నారు. రెండోవాళ్ళు 1,95,000. మూడోవాళ్ళు 2,48,000. తమ్ముడు మొదటివాళ్ళకు అడ్వాన్స్ కట్టబోయాడు. ఆపి ఒక్క ప్రశ్న అడిగాను: "మెల్‌బోర్న్ రేవు నుంచి ఇంటికి ఎవరు తెస్తారు?"

"అది మీరే చూసుకోవాలి మేడమ్."

అక్కడి ఏజెంటుకు మెయిల్ పెట్టిస్తే జాబితా వచ్చింది. రేవులో దింపినందుకు, కంటెయినర్ విప్పినందుకు, కస్టమ్స్ కాగితాలకు, ఇంటికి చేర్చినందుకు. అన్నీ కలిపి 2,100 ఆస్ట్రేలియా డాలర్లు. డాలర్‌కు 55 రూపాయల లెక్కన 1,15,500. అంటే లక్షా పద్దెనిమిది వేల మాట నిజానికి రెండు లక్షల ముప్పై మూడు వేల అయిదు వందలు. తనిఖీ రుసుము, ఆలస్యమైతే గోదాము కిరాయి వేరే. ఇంటి దాకా అన్న రెండోవాళ్ళ కాగితంలో కింద చిన్న అక్షరాల్లో "రేవు ఖర్చులు మినహా" అని ఉంది. మూడోవాళ్ళది మాత్రమే నిజంగా ఇంటి దాకా.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఓడ కిరాయి పెద్ద ఖర్చని అందరూ అనుకుంటారు. కాదు. రెండు చివర్లలో ఉంది ఖర్చు. మనకు సముద్రమే లేదు. హైదరాబాద్ సామాను ముందు రైలెక్కో లారీ ఎక్కో ముంబై పక్కన నవా శేవాకో చెన్నైకో పోవాలి. అవతల రేవు నుంచి గడప దాకా ఇంకో ప్రయాణం. కాబట్టి ధర అడిగేటప్పుడు ఒకే వాక్యం రాసి పంపండి: "నా గడప నుంచి నా గడప దాకా, రేవు ఖర్చులు, కస్టమ్స్, తనిఖీ, దించి విప్పడం కలిపి ఎంత? ఏవి కలపలేదు?" రెండో ప్రశ్న ముఖ్యం. జవాబు కాగితం మీద రానిదే రూపాయి కట్టొద్దు.

ఇంకా వదిలించుకుని 110 క్యూబిక్ ఫీట్లకు తెచ్చాం. మూడో కంపెనీ 1,86,000కు ఒప్పుకుంది. సామాను తగ్గితే మొత్తం తగ్గుతుంది కాని అడుగు ధర తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. కాగితాల ఖర్చు పెట్టె ఒకటైనా యాభైయైనా అంతే కదా. మాకు క్యూబిక్ ఫీటుకు దాదాపు 1,700 పడింది. ఆ అంకెను గోడ మీద రాసిపెట్టాను. ప్రతి వస్తువునూ దాని ముందు నిలబెట్టాం. ప్లాస్టిక్ కుర్చీ ఎనిమిది అడుగుల జాగా తింటుంది, 13,600. అక్కడ కొత్తదే కొనొచ్చు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన స్టీలు గిన్నెల పెట్టె మూడడుగులు, 5,100. పోవాలి. మిక్సీ పోవాలి, ఎందుకంటే ఆస్ట్రేలియాలో కూడా మన లాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, ప్లగ్గు ఒక్కటే వేరు. అమెరికా పోయేవాళ్ళు మాత్రం మిక్సీ మోసుకుపోవద్దు, అక్కడ 120 వోల్టులు. పుస్తకాలు బరువెక్కువ, జాగా తక్కువ. ఓడ పుస్తకాల కోసమే పుట్టినట్టుంటుంది.

*

అమ్మతో గొడవ వేరే. ఆమె మేడ్చల్ మార్కెట్ నుంచి టమాటా పెట్టెలు, గోనె సంచులు తెచ్చి రాశి పోసింది. సీసాల మధ్య పెట్టడానికి వరిగడ్డి కూడా. ఆస్ట్రేలియా జీవభద్రత నిబంధనలు చదివి వినిపించాను. పండ్లు, కూరగాయలు, గుడ్లు పెట్టిన పెట్టెలు వాడొద్దు. గడ్డితో ప్యాక్ చేయొద్దు. చెప్పులకు, సైకిలుకు మట్టి ఉండొద్దు. విత్తనాలు, మొక్కల భాగాలు, వెదురు, జంతువుల తోలు, ఈకలు, ఎముక, ఏదున్నా ముందే రాసి చూపాలి. దాచిపెట్టి దొరికితే జరిమానా. చూపినది పనికిరాదంటే మూడు దార్లు: శుద్ధి చేయించడం, వెనక్కి పంపడం, ధ్వంసం చేయడం. మూడింటి ఖర్చూ మనదే.

"చీపురు పోదా?"

"పోదే అమ్మా. పోయినా అది చేసే ఖర్చుకు పది చీపుర్లొస్తయి."

"చేట?"

"వెదురు. రాసి చూపాలె."

"మరి అక్కడ బియ్యం ఎట్ల చెరుగుతది?"

అక్కడి బియ్యంలో రాళ్ళుండవని చెప్తే అమ్మ నమ్మలేదు. రోలు మాత్రం గెలిచింది. బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగి, మూడు రోజులు ఎండబెట్టి ఎక్కించాం. ఒకటిన్నర అడుగుల జాగా. 1996లో ట్రాలీలో వచ్చిన రోలే అది.

కాగితాల సంగతి రెండు మాటల్లో చెప్తాను. వాడిన ఇంటి సామానును చాలా దేశాలు పన్ను లేకుండా రానిస్తాయి కాని గడువు పెడతాయి. ఆస్ట్రేలియాకైతే పన్నెండు నెలలుగా మన దగ్గర ఉండి వాడినవై ఉండాలి. అమెరికాకు ఒక ఏడాది. స్థిరపడటానికి బ్రిటన్ పోయేవాళ్ళకు ఆరు నెలలు. కాబట్టి పోయే ముందు కొత్త మిక్సీ, కొత్త కుక్కర్ కొని ఓడెక్కించకండి. ఇంకో మాట. కుల ధ్రువపత్రం, మార్కుల మెమోలు, డిగ్రీలు, పెండ్లి సర్టిఫికెట్, టీకాల కార్డు ఓడలో పంపొద్దు. చేతిసంచిలో మీతోనే ఉండాలి. తరాలు పోగు చేసిన ఆస్తి లేని మనకు ఆ కాగితాలే పట్టా.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు. ఒకవైపు విమాన టికెట్‌కు 50 వేల దాకా వేరే. కాని ఆ 20 లక్షలు రెండు విడతలు. మొదటిది అక్కడ దిగినట్టు కాగితం చూపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాక. అర్థమైందా? దిగేదాకా అయ్యే ఖర్చు మీ ఇంటిది. పెట్టెలు, స్వెటర్లు, కుక్కర్, మొదటి నెల కిరాయి, గది అడ్వాన్స్, అన్నీ. ఇందుకోసం ఎవరి ఇంట్లో పుస్తెలతాడు తాకట్టు పడిందో నాకు తెలుసు. కాబట్టి ఓడ, కొరియర్ మీకొద్దు. అమెరికా పోయే విమానాల్లో మామూలుగా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఆ 46 కిలోలే మీ ఇల్లు. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్టులో తూయించండి. విమానాశ్రయంలో నేల మీద పెట్టె విప్పి, అమ్మ పెట్టిన పచ్చడి తీసి పక్కన పెట్టే ఆ అవమానం మీకు అక్కర్లేదు.

*

ఇక బీమా. దీని గురించి రాయడానికే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను.

1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ న్యూయార్క్ చేరారు. కొలంబియాలో చదివిన మూడేండ్లలో అక్కడి పాత పుస్తకాల అంగళ్ళలో సుమారు రెండు వేల పుస్తకాలు కొన్నారని ధనంజయ్ కీర్ రాశారు. తిండి తగ్గించుకుని కొన్న పుస్తకాలు. 1916లో లండన్ పోయారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పుస్తకాలున్న సామానును థామస్ కుక్ కంపెనీకి అప్పగించి వేరే ఓడలో పంపారు. తాను మార్సే రేవులో ఓడెక్కి ఆగస్టు 21న బొంబాయి చేరారు. సామాను చేరలేదు. ఆ ఓడను జలాంతర్గామి ముంచేసింది.

సామానుకు బీమా ఉంది. ఆరు వందల రూపాయల పరిహారం వచ్చింది. అందులో కొంత రమాబాయి చేతికిచ్చి, మిగతాది పట్టుకుని బరోడాకు ఉద్యోగానికి పోయారు. ఆ తర్వాతి కథ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే చెప్పుకున్నారు. ఎవరూ ఇల్లివ్వలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. స్నేహితుల ఇండ్లలోనూ చోటు దొరకలేదు. రాత్రి రైలు దాకా కామాటీ బాగ్ పార్కులో కూర్చున్నారు.

ఈ రెండు సంఘటనల్ని మనం విడివిడిగా చదువుతాం. సామాను లెక్కలేసే వేళ నాకు అవి కలిసి కనబడ్డాయి. సముద్రంలో మునిగిన పుస్తకాలకు పరిహారం వచ్చింది. బరోడాలో పోయిన చోటుకు రాలేదు. యుద్ధానికి బీమా ఉంది, కులానికి లేదు.

బీమా కాగితంలో ఒక పాత నియమం ఉంటుంది, జనరల్ యావరేజ్ అంటారు. ఓడకు ఆపద వచ్చి, దాన్ని కాపాడటానికి కొందరి సామాను సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని ఓడలో సామానున్న అందరూ పంచుకోవాలి. 2021లో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో ఇరుక్కున్నప్పుడు కూడా ఈ నియమం కిందే, ఓడను విడిపించిన ఖర్చును సామాను యజమానులందరి మీదా వేశారు. బీమా లేనివాళ్ళు తమ వాటా కట్టందే సామాను చేతికి రాదు. మీకు అక్కరకొచ్చే సంగతి అంతవరకే. నాకు మాత్రం ఇంకొకటి తోచింది. సముద్రంలో వర్తకులు కూడా ఒప్పుకున్న న్యాయం ఇది: అందరి కోసం ఒకడు పోగొట్టుకుంటే అందరూ భరించాలి. ఊరు అనే ఓడలో ప్రతిసారీ మన మూటే పారేశారు. వాటా ఎవరు కట్టారు?

బీమాలో ఇంకో రెండు మెలికలు. మనమే సర్దిన పెట్టెల్లో వస్తువు పగిలితే చాలా పాలసీలు డబ్బివ్వవు, కంపెనీవాళ్ళు సర్ది ఉండాలి. రెండోది, వస్తువు వస్తువుకూ విలువ రాయాలి. రాయని దానికి రాదు.

ఆ చిట్టా రాస్తుంటే డప్పు దగ్గర ఆగిపోయాం.

*

అది తాత డప్పు. చింతకర్ర పలక. ఊర్లో పటేలు ఇంట్లో చావుకు కొట్టనని నాయిన చెప్పిన ఏడాదే మేం ఊరొదిలాం. ఆ పలకను నాయిన ఎప్పుడూ గోడకు తగిలించలేదు, పారేయనూ లేదు. అటక మీద ఉండేది. 1994లో ఈదుముడిలో దండోరా మొదలై మా దాకా వచ్చాక, మేడ్చల్ సభలకు దింపి కాచి కొట్టేవాడు. కులవృత్తి గుర్తని తీసి పారేయమన్నవాళ్ళూ, మన కళని నెత్తిన పెట్టుకోమన్నవాళ్ళూ మా ఇంటికొచ్చి వాదించుకునేవాళ్ళు. నాయిన రెండువైపులా చాయ్ ఇచ్చేవాడు.

తమ్ముడు డప్పు కావాలన్నాడు. తోలు చిక్కు. పచ్చితోలు వస్తువు, తనిఖీలో ఏమంటారో తెలియదు. శుద్ధి అంటే ఖర్చు, కాదంటే ధ్వంసం. నాయిన రాత్రంతా ఏం ఆలోచించాడో, పొద్దున లేచి తోలు తీసేశాడు. "తోలు ఎప్పుడన్నా మారేదే. నాలుగుసార్లు నేనే మార్చిన. పలకనే డప్పు. ఆడికి పోయినంక ఫైబర్ది ఏయించుకో" అన్నాడు. పలకలో పురుగు రంధ్రాలున్నాయేమోనని ఎండలో తిప్పి తిప్పి చూశాడు.

ప్యాకింగ్ సూపర్‌వైజర్ చిట్టాలో రాశాడు: పాత కర్ర చక్రం, ఒకటి, విలువ సున్నా.

"సున్నా ఎందుకు?" అన్నాను.

"పాతది కదా మేడమ్. సెంటిమెంట్‌కు విలువ కట్టరు."

నాకు కోపం వచ్చింది. చరిత్ర చెప్పబోయాను. నాయిన చేయెత్తి ఆపాడు. "సెంటిమెంట్ ఎవరడిగిండ్రు?" అని వేళ్ళ మీద లెక్క పెట్టాడు. ఇప్పుడు చింతకర్ర ఎంత, కోతకు ఎంత, వంచి అతికేటోనికి మూడు రోజుల కూలి ఎంత, బద్దలకు ఎంత. "ఆరు వేల అయిదు వందలు. రాయి. చక్రం కాదు, డప్పు పలక అని రాయి."

సూపర్‌వైజర్ కొట్టేసి రాశాడు. వరుస నంబరు 41. పాతికేండ్లు పుస్తకాలు చదివి నేను భావోద్వేగంతో గెలవాలనుకున్నచోట, నాయిన కూలి లెక్కతో గెలిచాడు. మన వస్తువు విలువ ఎవరైనా సున్నా అన్నప్పుడు కన్నీళ్ళు పెట్టుకోవడం కాదు, అందులో ఉన్న పనిని లెక్కగట్టి చెప్పాలని నాకు ఆ రోజు తెలిసింది.

*

ఆఖరి బడ్జెట్ ఇది. గడప నుంచి గడప దాకా 1,86,000. బీమా, 2,40,000 విలువకు మూడు శాతం, 7,200. ఓడ వచ్చేదాకా మూడు నెలలు బతకడానికి అక్కడ కొనే పరుపు, గిన్నెలకు 60,000. తనిఖీకి, గోదాముకు అట్టిపెట్టింది 40,000. మొత్తం 2,93,200. ఇక్కడ సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అమ్మితే వచ్చింది 71,000.

ఆ నలభై వేలు ఎందుకని తమ్ముడు వాదించాడు. "అక్కడ దిగంగనే ఇల్లు దొరుకుతదక్కా."

వాడికి గుర్తులేదు, నాకుంది. ఆరేండ్ల కింద శామీర్‌పేట దగ్గర ఒక ఇంటికి అడ్వాన్స్ ఇచ్చి సామాను తీసుకుపోయాను. ట్రాలీ నుంచి సగం దింపాక ఇంటామె పుస్తకాల పెట్టె మీద బాబాసాహెబ్ ఫోటో చూసింది. లోపలికి పోయి భర్తతో మాట్లాడి వచ్చి, వాళ్ళ బంధువులు వస్తున్నారని, ఇల్లు ఇవ్వడం కుదరదని చెప్పింది. సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా రాజీవ్ రహదారి పక్కన నా సామాను, నేను. ట్రాలీ డ్రైవరు గంటకు మూడు వందలు వెయిటింగ్ అన్నాడు. నాయిన వచ్చి, "డెమరేజీ పడుతున్నది బిడ్డా, ఎక్కియ్యి" అని తనే ఎత్తడం మొదలుపెట్టాడు. సామానుకు చోటు దొరకకపోతే అయ్యే ఖర్చును గోదాముల భాషలో డెమరేజీ అంటారు. మన బడ్జెట్‌లో అది ఎప్పుడూ ఉంటుంది, మనమే రాసుకోం. అందుకే రాయించాను.

మెల్‌బోర్న్‌లో ఇల్లు దొరకడానికి అయిదు వారాలు పట్టింది. ఏజెంటు జీతం కాగితాలు చూశాడు, కులం అడగలేదు. పక్క వీధి తెలుగు కుటుంబం రెండోసారి కలిసినప్పుడే ఇంటిపేరు, ఊర్లో ఏ వైపు ఇల్లని అడిగింది. ఏ కస్టమ్స్ ఫారంలోనూ రాయని సామాను అది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది అంటే, ఓడలూ విమానాలూ ఏం మోసుకుపోతున్నాయో అక్కడివాళ్ళకు కూడా తెలిసినట్టే.

సామాను సర్దే రోజు నాయిన కుర్చీలో కూర్చోలేదు. ఒడిశా పిల్లలు నలుగురు వచ్చారు. రోలున్న పెట్టెను ఒకడు నడుము వంచి ఎత్తబోతే, "నడుము కాదురా, మోకాళ్ళు" అని వంగి చూపించాడు. లారీలో బరువు కింద, అంచులకు గట్టివి, సందుల్లో మెత్తటివి పెట్టించాడు. అది దేవరయాంజాల్ వైపు గోదాముకు పోతుందని విన్నాక, "అది నాకు ఎరుకే" అన్నాడు. అట్లాంటి గోదాముల్లో ఆయన ఇతరుల సామాను ఎన్ని వేల టన్నులు మోశాడో లెక్క లేదు. తన ఇంటి సామాను అక్కడికి పోవడం ఇదే మొదటిసారి.

పదకొండు వారాలకు, పోయిన ఆదివారం, సామాను చేరింది. తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఒక పెట్టె మీద తనిఖీవాళ్ళు విప్పి మళ్ళీ అంటించిన టేపు ఉంది. 41 నంబరు క్షేమం. గాజు గ్లాసులు రెండు పగిలాయి. అమ్మ రోలును చూపించమంది. నాయిన ఫోన్ దగ్గరికి తీసుకుని అడిగింది ఒక్కటే:

"దించిన పిల్లలకు నీళ్ళిచ్చినవా?"

జై భీమ్.